కచేరి లేని దేవుడు

మాయమ్మకి బాప్తిస్మం కాలేదు. ఈ మాట దాచిపెట్టాల్సిన పని నాకు లేదు. మా గుడికి కొత్తగా వచ్చిన అయ్యగారు మొన్న ఆదివారం వాకిట్లో నన్ను ఆపి, చిన్నపిల్లకి చెప్పినట్ల మెత్తగా, "అవ్వా, మీ అమ్మ సంగతి దేవునికి ఇడిచిపెడదాం. ఆమెకి నిత్యజీవం ఉండాదో లేదో మనం చెప్పలేం గదా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు చెప్పలేవు నాయనా. నేను చెప్తాను. కూర్చో" అన్నాను. ఆయనకి ఇంకో ఊర్లో కూటం ఉండాదంట, గొడుగు తీసుకొని పోయినాడు. అందుకే ఈడ రాస్తా ఉండాను. ఇష్టమున్నోళ్లు చదవండి. ఒప్పుకోనోళ్లు ఒప్పుకోవద్దండి, నాకేం పోయింది.

అప్పుడు మాది మైసూరు మహారాజు సీమ. మా పల్లె పావగడ తాలూకాలో, హొసకోటకి నడిచిపోయే దూరంలో ఉండేది. ఇంట్లో, చేన్లో, సంతలో, కొట్లాటలో, సరసంలో అంతా మాకు తెలుగే. పొలిమేర దాటి తెల్లదొరల సీమలోకి పోతే ఆడా తెలుగే. కానీ మా సర్కారు కచేరి మాత్రం కన్నడం. తాలూకాకి పెద్ద అమల్దారు కన్నడం, ఊరి లెక్కలు శానుభోగుడు రాసేది కన్నడం, బళ్లో చెప్పేది కన్నడం. పెద్దోళ్లతో పని పడిందంటే మా నోట్లో ఉండే మాట పనికొచ్చేది కాదు.

మేముండేది ఊరి బయట, అంటరానోళ్ల గేరిలో. మా నాయన పలక డప్పు వాయించేవాడు. ఊర్లో ఎవురు చచ్చినా ముందర ఆయనకే కబురు. నేను పెద్దమనిషి కాకముందే చలిజ్వరం తగిలి పోయినాడు. అందరి చావుకీ కొట్టినోని చావుకి కొట్టేదానికి మాత్రం పక్క పల్లె నించి మనిషిని పిలుచుకొని రావాల్సి వచ్చింది. మాయమ్మ ఏడ్చింది తక్కువ, ఆ కొట్టినోని మీద కోపం చేసింది ఎక్కువ. "మా మొగుడు కొట్టినట్ల కొట్టరా, ఏంది ఆ ఈడ్పు" అని శవం కాడే వాన్ని తిట్టింది. నా నోరు నాకు యాడ నించి వచ్చిందో మీరే చూసుకోండి.

మాయమ్మకి ఒక పేరు ఉండింది. ఆ పేరుతో ఊర్లో ఒక్కరూ పిలిచి ఎరగరు. "ఏమే", "ఒసే", "పలకోని పెండ్లామా", అంతే. నాయన పోయినాక "ముండమోపిదానా" అయ్యింది. తుమకూరు పక్క నించి, ఏసు మాట చెప్పే ఒక ఉపదేశి మా గేరికి వచ్చి, పెంకుటిల్లు ఒకటి కట్టించి, వారమంతా బడి, ఆదివారం గుడి నడుపుతా ఉండె. ఒకరోజు ఆయన మా వీధిలో నిలబడి, దేవుడు మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు అని వచ్చీరాని తెలుగులో చెప్పినాడు. మాయమ్మ కసువు ఊడుస్తా ఉన్నదల్లా చీపురు ఆపి నిలబడిపోయింది. "నా పేరు ఆయప్పకి ఎవురు చెప్పినారు?" అని అడిగింది. ఉపదేశయ్య నవ్వినాడు. మాయమ్మ నవ్వలేదు. ఆ ఆదివారమే నన్ను చేయి పట్టుకొని గుడికి తీసుకపోయింది. ఆ పేరు నేను ఈడ రాయను. తెలిసినోనికి తెలుసు, చాలు.

అయితే గుడికి పోయిందే గాని లోపలికి పోలేదు. గడప బయట నిలబడేది. ఉపదేశయ్య ఎన్నిసార్లు పిలిచినా "ఈడనే బాగుండాది సామీ" అనేది. అలవాటు అట్లాంటిది. దాని వెనక ఇంకొక సంగతి కూడా ఉండాది. అది చెప్తే గాని నా కథ అర్థం కాదు.

గుడి రాకముందు ఒక ఎండాకాలం మా గేరి బావి ఎండిపోయింది. ఊరి బావి మేం ముట్టుకోకూడదు. కడవలు పెట్టుకొని దూరంగా నిలబడాల. దయ కలిగిన ఆడమనిషి ఎవురన్నా వస్తే పైనించి మా కడవలోకి పోస్తాది. కలగకపోతే లేదు. ఆ ఎండకి నేను ఒకరోజు కడవతోనే పడిపోయినాను. మాయమ్మకి రోషం వచ్చింది. నన్ను ఎంటబెట్టుకొని, పొద్దు పొడవకముందే బయలుదేరి, పావగడకి నడిచింది. అమల్దారుతోనే చెప్తాను, మాకు బావి తవ్వించమంటాను అనింది.

కొండ కింద కచేరి. మెట్ల కింద మేము. బండ కాలి సెగ కొడతా ఉండాది. లోపల అమల్దారు కనపడతానే ఉండాడు, తల వంచుకొని ఏందో రాసుకుంటా. మాయమ్మ గొంతు పెంచి తెలుగులో మొదలుపెట్టింది. జవాను వచ్చి చేయి అడ్డం పెట్టి, "కన్నడంలో రాయించుకొని రా పో" అన్నాడు. వసారాలో అర్జీలు రాసే ఆయన కూర్చొని ఉండె. మాయమ్మ ఆయనకి అంతా చెప్పింది. బావి సంగతి, కడవల సంగతి, పోసేవాళ్ల మొహాలు, నేను పడిపోయింది, అన్నీ. ఆయన చిన్న ముక్క రాసి ఇచ్చినాడు. "నా బిడ్డ పడిపోయిందని రాసినావా సామీ?" అంటే "అంతా రాసినా పోవమ్మా" అన్నాడు. జవాను ఆ కాగితం లోపలికి తీసుకపోయి మేజా మీద పెట్టినాడు. అమల్దారు తల ఎత్తలేదు. మేం పొద్దు వాలేదాకా నిలబడి, ఎనక్కి నడిచి వచ్చేసినాము. బావి రాలేదు. జవాబు కూడా రాలేదు.

మాయమ్మ మనసులో ఆ రోజే ఒకటి కుదురుకుంది. పెద్దోళ్లకి మన మాట రాదు. మధ్యలో ఒకరు కన్నడంలో చెప్పి పెట్టాల. చెప్పినా తల ఎత్తుతారన్న నమ్మకం లేదు. ఇప్పుడు ఈ గుడికి వచ్చి చూస్తే ఏముండాది? పాటలు కన్నడం, ప్రార్థన కన్నడం, ఉపదేశయ్య కండ్లు మూసుకొని పైకి చెప్పేదంతా కన్నడం. "ఓహో, ఈయప్ప సర్కారు కూడా కన్నడమే" అనుకుంది మాయమ్మ. నవ్వొద్దండి. మా సీమలో పుట్టి మా గేరిలో పెరిగినోళ్లు ఎవురైనా అట్లనే అనుకుంటారు.

అందుకని ప్రతి ఆదివారం గుడి అయినాక గడప కాడ ఉపదేశయ్యని ఆపి, తన సంగతి తెలుగులో చెప్పి, "కొంచెం ఆయప్పకి చెప్పు సామీ" అనేది. ఆయన కండ్లు మూసుకొని చెప్పేవాడు. మాయమ్మ చేతులు కట్టుకొని వినేది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. ఆయన చెడ్డోడు కాదు. ఆయనా మా మాదిరి గేరిలోనే పుట్టినోడు. చదువుకొని కోటు తొడుక్కొనేదాకా ఎంత కష్టపడినాడో ఆయనకే తెలుసు. నాకు అక్షరం పెట్టింది ఆయనే. కానీ గడప కాడ ఒక మనిషి చేతులు కట్టుకొని "నువ్వు చెప్పు సామీ" అంటే ఎవురికి తియ్యగా ఉండదు చెప్పండి? "నువ్వే చెప్పుకోవచ్చమ్మా" అని ఆయన ఒక్కనాడూ అనలేదు.

బళ్లో నాకు కన్నడం బాగానే వచ్చేసింది. పాఠాలన్నీ గడగడ అప్పజెప్పేదాన్ని. ఒక ఆదివారం మాయమ్మ గడప కాడ చెప్పింది, ఆయన ఎత్తి చెప్పింది, రెండూ నా చెవిన పడినాయి.

మాయమ్మ అడిగింది ఇది: "నా మొగుడు ఆయప్ప పేరు తెలీకుండానే పోయినాడు. ఆ మనిషి యాడ ఉండాడు? వాన్ని యాడ పెట్టినాడు? మంచోడు సామీ, తాగినా మంచోడు. ఆ ఒక్కటి నాకు చెప్పమను."

ఉపదేశయ్య కన్నడంలో చెప్పింది ఇది: "ప్రభువా, ఈ దిక్కులేని విధవరాలిని ఆశీర్వదించు."

అంతే. ఆమేన్.

ఇంటికి పోతా దోవలో అడిగినాను, "అమ్మా, నాయన సంగతి ఎన్నిసార్లు అడిగించినావు?" అని. "మొదట్నించీ అదే అడిగిస్తా ఉండాను. ఇంకా జవాబు రాలేదు. వస్తాదిలే, పెద్దోళ్ల కాడ ఆలస్యమే" అనింది. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి, ఆ ఎనకనే ఒళ్లు మండింది. ఆమెని ఆడనే దోవలో నిలబెట్టి ఎనక్కి పరిగెత్తినాను.

ఉపదేశయ్య గుడి తలుపు మూస్తా ఉండె. "అయ్యా, మాయమ్మ అడిగింది నువ్వు ఒక్కసారన్నా చెప్పినావా?" అన్నాను.

ఆయన మొహం మాడింది. "అట్లాంటివి దేవుని అడగకూడదు పాపా. ఆయనకి అన్నీ తెలుసు. విడమరిచి చెప్పాల్సిన పని లేదు" అన్నాడు.

"చెప్పకుండానే తెలిస్తే మధ్యలో నువ్వెందుకు?"

"నోరు ఎక్కువైంది నీకు" అని తలుపుకి తాళం వేసినాడు. నోరు ఎక్కువైన మాట నిజమే. ఇప్పటికీ తగ్గలేదు.

మాయమ్మకి జరిగింది చెప్పినాను. దోవలో బండ మీద కూలబడింది. "అయితే నా మాట పోనేలేదా?" అనింది. "పోలేదు. నువ్వే చెప్పుకో. మన మాటలోనే చెప్పు" అన్నాను. "మన మాట ఆయప్పకి వస్తాదా?" అని అడిగింది, గొంతు తగ్గించి, ఎవురన్నా వింటారేమో అన్నట్ల. "నీ నోట్లో ఆ మాట పెట్టింది ఆయప్పే గదా, రాకుండా యాడికి పోతాది" అన్నాను. నాకేదో తెలిసి అన్నది కాదు. కోపంలో వచ్చింది, అనేసినాను.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం, రాగులు ఇసురుతా ఇసురుతా మాయమ్మ ఇసుర్రాయి ఆపింది. చేతికి అంటిన పిండి దులుపుకొనింది. తర్వాత, "ఏమప్పా" అనింది. నేను పలకబోయినాను. నన్ను కాదు. "ఏమప్పా, నేను పలకోని పెండ్లాన్ని" అని మొదలుపెట్టి, ఆపి, "కాదులే" అని, తన పేరు చెప్పుకుంది. తన నోటితో తన పేరు చెప్పగా నేను విన్నది అదే మొదటిసారి. తర్వాత నాయన సంగతి అడిగింది. అడుగుతా అడుగుతా తిట్టింది. "చలిజ్వరం ఇచ్చేదానికి మాత్రం మా గేరి దోవ తెలిసిందే నీకు, నీ పేరు చెప్పి పంపేదానికి తెలీలేదా" అని కడిగిపారేసింది. నాకు భయమేసింది, పిడుగు పడతాదేమో అని. ఏమీ పడలేదు. ఆమె ఏడ్చి, ముక్కు చీదుకొని, మళ్లీ రాగులు ఇసిరింది. ఆ రోజు సంగటి ఎప్పటికన్నా మెత్తగా ఉండె.

ఆ తర్వాత మాటలు ఆగలేదు. చెనిక్కాయ చేన్లో కలుపు తీస్తా మాట్లాడేది. కట్టెలు ఏరుకుంటా మాట్లాడేది. వాన రాకపోతే కయ్యానికి పోయేది. మేక ఈనితే "చూసినావా, రెండు" అని చూపించేది. గేరిలో అందరూ "మొగుడు పోయి దీనికి తిక్క పట్టింది" అనుకున్నారు. నేను ఒకసారి ఉండబట్టలేక అడిగినాను.

"నాయన సంగతి చెప్పినాడా?"

"లేదే."

"మరి ఇంకెందుకమ్మా మాట్లాడతావు?"

"చెప్పలేదు. కానీ ఇన్నాడు. ఆ అమల్దారు మాదిరి తల వంచుకొని రాసుకుంటా కూర్చోలేదు. తల ఎత్తి చూసినాడు."

"నీకెట్ల తెలుసు?"

"తిక్కదానా, నిన్ను ఎవురన్నా చూస్తా ఉంటే నీకు తెలీదా? ఎనకనించి చూసినా తెలుస్తాది గదా."

నాకు తెలీలేదు. నాకు పాఠాలన్నీ వచ్చు, ఆ చూపు మాత్రం తెలీదు. అది నాకు చాన్నాళ్లకి గాని దొరకలేదు.

మాయమ్మ మాత్రం మారిపోయింది. మరుసటి ఆదివారం గుడి గడప దాటి లోపలికి పోయి, చాప మీద ముందర కూర్చొనింది. ఎవురూ పిలవలేదు. ఊరి బావి కాడ ఒకామె "ఎవురే నువ్వు, జరుగు" అంటే తలెత్తి తన పేరు చెప్పింది. ఆ రోజు మాకు ఎవురూ నీళ్లు పోయలేదు. ఉత్త కడవ నెత్తిన పెట్టుకొని నవ్వుకుంటా వచ్చింది మాయమ్మ. "పేరు చెప్తే ఎంత కోపం వస్తాదే వాళ్లకి!" అనింది. దాహం వేసింది నిజమే. కానీ ఆ నవ్వు చూసినాక నాకు కూడా నవ్వొచ్చింది.

ఇంక బాప్తిస్మం సంగతి. ఏడాదికొకసారి మిషన్ తెల్లదొర వచ్చేవాడు. ముందర కూర్చోబెట్టి దేవుని పాఠాలు అడిగేవాడు, కన్నడంలో. చెప్పినోళ్లకి బాప్తిస్మం, చెప్పనోళ్లకి పై ఏడు. మాయమ్మకి ఆ పాఠాలు నాలిక తిరగలేదు. నేను ఎంత నేర్పించినా సగం కాడ జారిపోయేది. "ఆయప్పతో నేను రోజూ మాట్లాడతానే ఉండాను, మళ్లీ ఈ పరీక్ష ఎందుకే" అనేది. కానీ బాప్తిస్మం కావాలని మాత్రం గట్టిగా ఉండె. "అందరి ముందరా నా పేరు పిలుస్తారంట గదా" అనేది. ఆ ఆశ ఒక్కటే ఆమెకి.

ఆ ఏడు దొర వచ్చినాడు. నన్ను అడిగినాడు. అన్నీ అప్పజెప్పినాను. దొర తల ఊపినాడు. తర్వాత మాయమ్మ. నిత్యజీవం అంటే ఏంది అని అడిగినాడు. చచ్చినాక పరలోకంలో ఎప్పటికీ బతికి ఉండడం, అని కన్నడంలో చెప్పాల. నేను పక్కనించి పెదాలు ఆడిస్తా ఉండాను. మాయమ్మ నా పక్క చూడలేదు. దొర మొహంలోకి చూసి తెలుగులో చెప్పింది.

"ఆయప్ప నాకు తెలుసు. నేను ఆయప్పకి తెలుసు. అది మొదలైపోయింది సామీ."

దొరకి తెలుగు రాదు. ఉపదేశయ్య పక్క చూసినాడు. ఉపదేశయ్యకి చెమట పట్టింది. తన బళ్లో ఒకామెకి పాఠం రాలేదంటే తనకి మాట వస్తాది. గబుక్కున, "ఈమె ఇంకా నేర్చుకోలేదు" అని కన్నడంలో చెప్పినాడు.

నేను లేచి నిలబడినాను. "మాయమ్మ అట్ల చెప్పలేదు" అన్నాను కన్నడంలో, దొరతోనే. ఆమె చెప్పింది చెప్పినట్ల మార్చి చెప్పినాను. ఆడపిల్ల అట్ల మధ్యలో లేచి మాట్లాడేది దొరకి నచ్చలేదు. ఆయనకి ఎండలో ఇంకా చాలా పల్లెలు తిరిగే పని ఉండె. "మంచి మాటే. కానీ పాఠం పాఠమే. పై ఏడు చూద్దాం" అని, నన్ను మాత్రం ముందరికి రమ్మన్నాడు.

నేను పోలేదు. "పాఠం చెప్పినదానికి తెలీదు, తెలిసినదానికి పాఠం రాదు. ఆమెకి లేని బాప్తిస్మం నాకు వద్దు" అన్నాను. మాయమ్మ నా కొంగు పట్టి గుంజింది, "నువ్వన్నా పోవే, తిక్కదానా" అని. నేను కదల్లేదు. ఆ రోజుని తలచుకుంటే ఈ రోజుకీ నాకు ఎన్నెముక నిటారవుతాది. తర్వాత ఎప్పుడో, పొలిమేర అవతల, తెలుగులో అడిగి తెలుగులో ఇన్న గుడిలో తీసుకున్నాను. అది వేరే సంగతి.

ఆ రాత్రి మాయమ్మ సంగటి ముట్టలేదు. "నా పేరు పిలవలేదే" అనింది ఒక్కసారి. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పై ఏడు దొర వచ్చేలోపలే మాయమ్మకి చలిజ్వరం తగిలింది. నాయనని తీసుకపోయిన జ్వరమే. మంచం పట్టింది. కషాయాలు, కట్టు మందులు, ఏదీ పని చేయలేదు. మనిషి ఎండిపోయింది గాని నోరు ఎండలేదు. పడుకొనే మాట్లాడతా ఉండె, మెల్లగా, మధ్యమధ్యలో ఆపి, అవతలోళ్లు చెప్పేది వింటా ఉన్నట్ల, మళ్లీ మాట్లాడతా. గేరిలోని ఆడోళ్లు చూసి "సంధి పట్టింది" అన్నారు. సంధి కాదు. నేను ఎరుగుదును ఆ గొంతు. ఇసుర్రాయి కాడ మాట్లాడిన గొంతే అది.

పొద్దు వాలే వేళకి ఉపదేశయ్య పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఒక చేతిలో చెంబుతో నీళ్లు, ఇంకో చేతిలో ప్రార్థనల పుస్తకం. ప్రాణం పోయే ముందర దొర లేకపోయినా ఆయనే బాప్తిస్మం ఇవ్వొచ్చంట. మా గుడిసె గడప కాడికి వచ్చి నిలబడినాడు, రొప్పుతా. కండ్లు ఎర్రగా ఉండె. ఆ గుడిలో దొర ముందర ఆయన చెప్పిన ఒక్క మాట ఆయన్ని ఎన్నాళ్లు తినిందో నాకు తెలీదు. నేను పక్కకి జరగలేదు. ఆయన గడప బయటనించే పుస్తకం తెరిచి కన్నడంలో మొదలుపెట్టినాడు.

మాయమ్మ కండ్లు తెరవకుండానే చేయి ఎత్తింది.

"రవ్వంత సేపు ఉండు సామీ" అనింది. "మేము మాట్లాడుకుంటా ఉండాము."

ఉపదేశయ్య పుస్తకం మూసినాడు. చెప్పులు ఇడిచినాడు. చెంబు చేతిలో పెట్టుకొని, మా గడప బయట, మట్టిలో, చేతులు దగ్గరగా పెట్టుకొని నిలబడినాడు, మాయమ్మ కచేరి మెట్ల కింద నిలబడినట్ల. లోపల మాయమ్మ ఏందో అడిగింది. ఏందో ఇనింది. ఒకసారి నాయనని పిలిచే పిలుపుతో "ఆడ ఉండావా" అనింది, నవ్వింది. చీకటి పడినాక గొంతు వినపడలేదు. ఆయన ఇంకా నిలబడే ఉండె. లోపలికి రమ్మని మాయమ్మ పిలవనేలేదు. చెంబులో నీళ్లు చెంబులోనే ఉండిపోయినాయి.

ఇప్పుడు చెప్పు నాయనా, కొత్త అయ్యగారూ. మాట్లాడుకుంటా ఉండాము అనింది మాయమ్మ. అయిపోయింది అని నాకు చెప్పలేదు.